పార్సీల జీవన సంస్కారాలు

పాఠ్య పరిచయం

ఒక జాతి తన విశ్వాసాన్ని గ్రంథాలలో ఎంతగా భద్రపరచుకుంటుందో, ఆచారాలలో అంతకంటే ఎక్కువగా భద్రపరచుకుంటుంది. ప్రపంచంలోని ప్రాచీన మతాలలో ఒకటైన జరతుష్ట్ర మతం ఇరాన్‌లో పుట్టింది. జన్మభూమిలో ఆదరణ తగ్గిన తరువాత అది ప్రధానంగా భారతదేశంలోని పార్సీల ఇళ్లలో నిలిచింది. పుట్టుక, దీక్ష, వివాహం, మరణం అనే నాలుగు ఘట్టాలలో పార్సీలు ఆచరించే సంస్కారాలను, వాటి అంతరార్థాన్ని, నేడు వాటికి ఎదురైన పరీక్షను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

గుజరాత్ దక్షిణ తీరంలో ఉద్వాడ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరిలో 1742వ సంవత్సరం నుంచి ఒక పవిత్రాగ్ని ఆరిపోకుండా వెలుగుతున్నది. దాని పేరు ఇరాన్‌షా. పార్సీల సంప్రదాయం ప్రకారం ఆ అగ్ని వయస్సు అంతకంటే ఎన్నో శతాబ్దాలు ఎక్కువ. ఇరాన్ నుంచి వలస వచ్చిన వారి పూర్వులు సంజాన్ అనే రేవు పట్టణంలో దానిని ప్రతిష్ఠించారు. దండయాత్రలో సంజాన్ పతనమైనప్పుడు అర్చకులు ఆ అగ్నిని బహ్రోత్ కొండ గుహలలో పన్నెండేళ్లు దాచి కాపాడారు. అక్కడి నుంచి బాన్స్డాకు, తరువాత నవ్‌సారీకి, చివరకు ఉద్వాడకు తరలించారు. ఊళ్లు మారాయి, మందిరాలు మారాయి. అగ్ని మాత్రం మారలేదు. పార్సీల మతాచారాలన్నింటికీ కేంద్రం ఈ ఆరని అగ్నియే.

మత మూలాలు

ఈ మతానికి ప్రవక్త జరతుష్ట్రుడు. ఆయన కాలాన్ని గురించి పండితులలో ఏకాభిప్రాయం లేదు. భాషాశాస్త్ర ఆధారాలను బట్టి క్రీస్తుకు పూర్వం వెయ్యి సంవత్సరాలకు ముందే ఆయన జీవించాడని పలువురు భావిస్తారు. ఆయన చెప్పినవిగా పరిగణించే పదిహేడు గీతాలను గాథలంటారు. ఈ గాథలతోపాటు ఇతర స్తోత్రాలు, విధినియమాలు కలిసిన పవిత్ర వాఙ్మయమే అవెస్తా.

సంస్కృతం తెలిసినవారికి అవెస్తా భాష అపరిచితం కాదు. వైదిక యజ్ఞం అక్కడ యస్న. సోమం అక్కడ హోమ. మిత్రుడు మిథ్ర. హోత జోతర్. వేదంలోని 'ఋత' శబ్దానికి దగ్గరగా అవెస్తాలో 'అష' ఉంది. సత్యం, ధర్మం, విశ్వనియమం అనే మూడర్థాలనూ అది ఒక్కటే మోస్తుంది. సంస్కృత సకారం చాలా చోట్ల అవెస్తాలో హకారమవుతుంది. అందుచేతనే సప్త శబ్దం హప్త అయింది. ఈ రెండు భాషల మధ్య ఒక విచిత్రమైన తారుమారు కూడా ఉంది. భారతీయ సంప్రదాయంలో దేవుడు పూజ్యుడు, అసురుడు శత్రువు. అవెస్తాలో 'అహుర' శబ్దం పరమేశ్వర వాచకం; 'దఏవ' శబ్దం దుష్టశక్తులకు పేరు. ఋగ్వేదంలోని ప్రాచీన సూక్తాలలో వరుణుని వంటి దేవతలను అసుర శబ్దంతో గౌరవించడం గమనిస్తే, ఒకే ఇంటిలో పుట్టిన రెండు సంప్రదాయాలు వేరుపడిన జాడ కనిపిస్తుంది.

జరతుష్ట్రుడు బోధించిన ఏకైక పరమేశ్వరుడు అహురమజ్దా. ఆయన జ్ఞానస్వరూపుడు. ఆయనకు ప్రతికూలమైన విధ్వంసక శక్తి అంగ్ర మైన్యు. ఈ రెండింటి సంఘర్షణలో మనిషి ప్రేక్షకుడుగా ఉండరాదు. ఏ పక్షమో తానే ఎంచుకోవాలి. సరియైన ఎంపికకు ఈ మతం మూడు మాటలు చెబుతుంది. హుమత అంటే మంచి తలపు, హూఖ్త అంటే మంచి మాట, హ్వర్ష్త అంటే మంచి చేత. తెలుగువారు త్రికరణశుద్ధి అనే మాటతో చెప్పేది దాదాపు ఇదే భావం.

ఆకాశం, నీరు, నేల, వృక్షం, పశువు, మానవుడు, అగ్ని అనే ఏడూ అహురమజ్దా సృష్టులు. వీటిని మలినపరచడం పాపం, శుద్ధంగా ఉంచడం పుణ్యం. సంన్యాసానికీ, శరీరాన్ని శోషింపజేసే ఉపవాసాలకూ ఈ మతంలో గొప్ప స్థానం లేదు. లోకంలో ఉండి, శ్రమించి, సంపాదించి, పదిమందికి పంచి, సృష్టిని శుద్ధంగా నిలపడమే మానవధర్మం. పార్సీల సంస్కారాలన్నీ ఈ రెండు భావాల మీద నిలబడినవే. మొదటిది మూడు మాటల నియమం. రెండవది సృష్టి పట్ల శుచి.

అగ్ని ఆరాధన

పార్సీలను అగ్నిపూజకులని పిలవడం లోకంలో ఉన్నా, వారు ఆ మాటను అంగీకరించరు. అగ్ని తమకు అహురమజ్దా తేజస్సుకు చిహ్నమనీ, దాని ఎదుట నిలిచి తాము ప్రార్థించేది పరమేశ్వరునేననీ వారు చెబుతారు.

అగ్నులలో మూడు స్థాయులు ఉన్నాయి. అత్యంత పవిత్రమైనది ఆతష్ బెహ్రామ్. తరువాతివి ఆతష్ ఆదరాన్, దాద్గాహ్. భారతదేశంలో ఎనిమిది ఆతష్ బెహ్రామ్‌లు ఉన్నాయి. వాటిలో నాలుగు ముంబైలో, రెండు సూరత్‌లో, నవ్‌సారీలోను ఉద్వాడలోను ఒక్కొక్కటి ఉన్నాయి. ఆతష్ బెహ్రామ్ ప్రతిష్ఠకు పదహారు రకాల అగ్నులను సేకరించాలి. కుమ్మరి ఆవము, కమ్మరి కొలిమి, కంసాలి కుంపటి, రొట్టెలు కాల్చే పొయ్యి, రాజగృహం, గొల్లవాని నెగడు, పిడుగు పడి పుట్టిన మంట వీటిలో చేరతాయి. శవదహనం జరిగిన చోటి నిప్పు కూడా వాటిలో ఒకటి. సేకరించిన నిప్పును నేరుగా వాడరు. చందనపు పొట్టు ఉంచిన చిల్లుల గరిటెను మంటకు తాకకుండా పైన పట్టుకుంటారు. ఆ వేడికే పొట్టు రాజుకుంటుంది. అలా పుట్టిన కొత్త అగ్ని మీద మరొక గరిటె పడతారు. శవాగ్నిని ఈ విధంగా 91 సార్లు శుద్ధి చేయాలి. ఈ క్రతువంతా ముగియడానికి దాదాపు ఒక సంవత్సరం పడుతుంది.

ఈ క్రతువులోని భావం లోతైనది. రాజు ఇంటి నిప్పూ, కుమ్మరి ఇంటి నిప్పూ ఒకే వేదిక మీద ఒకటవుతాయి. చివరకు శ్మశానాగ్ని కూడా శుద్ధి పొంది దైవసన్నిధికి చేరుతుంది. శుద్ధి చేయరానిదంటూ ఏదీ లేదన్న నమ్మకమే ఇందులో కనిపిస్తుంది.

రోజును పార్సీలు గాహ్‌లనే ఐదు భాగాలుగా విభజిస్తారు. ప్రతి గాహ్ మొదట అర్చకుడు అగ్నికి చందనం సమర్పించి గంట మోగిస్తాడు. ఈ క్రియను బోయి అంటారు. తన శ్వాస సోకి అగ్ని మలినం కాకుండా అర్చకుడు ముక్కునూ నోటినీ తెల్లని వస్త్రంతో కప్పుకుంటాడు. సాధారణ గృహాలలో సైతం దీపాన్ని నోటితో ఊది ఆర్పకపోవడం పార్సీల నియమం.

పుట్టుక

తొలిచూలు గర్భిణికి ఏడవ నెలలో జరిపే వేడుకను అఘర్ణి అంటారు. ఇది తెలుగువారి సీమంతాన్ని పోలినది. ప్రసవం జరిగిన గదిలో దీపం వెలిగించి ఉంచుతారు. పూర్వం బాలింతను నలభై రోజులు వేరుగా ఉంచి, స్నానంతో శుద్ధి చేసేవారు. బిడ్డ పుట్టిన ఆరవ రాత్రి ఛఠీ. ఆ రాత్రి విధిదేవత వచ్చి బిడ్డ నుదుట రాత రాస్తుందన్న నమ్మకంతో ఊయల దగ్గర కాగితమూ కలమూ ఉంచే ఆచారం ఉండేది. ఇది గుజరాత్ ఇరుగుపొరుగుల నుంచి పార్సీల ఇంటికి చేరిన వేడుక. ఇరాన్ నుంచి తెచ్చుకున్న క్రతువును శ్రద్ధగా కాపాడుకుంటూనే, చేరిన నేల మీది వేడుకలను ఆత్మీయంగా కలుపుకోవడం పార్సీల జీవన సరళిలోని విశేషం.

నవజోత్

పార్సీల సంస్కారాలలో ప్రధానమైనది నవజోత్. నవ అంటే కొత్త. జోత్ అంటే ప్రార్థన చేసే వ్యక్తి. ఏడు మొదలు పదకొండేళ్ల వయస్సులో సాధారణంగా ఈ దీక్ష జరుపుతారు. బాలబాలికలిద్దరికీ ఒకే విధంగా జరగడం దీని విశిష్టత. భారతీయ ఉపనయనం కాలక్రమంలో బాలురకే పరిమితమైన విషయంతో పోల్చి చూస్తే ఈ సమానత్వం విలువ తెలుస్తుంది.

ముందుగా పిల్లలకు నాహన్ అనే శుద్ధిస్నానం చేయిస్తారు. దానిమ్మ ఆకు నమిలించి, మంత్రపూతమైన గోమూత్రాన్ని ఆచమనం వలె ఇస్తారు. దానిని నీరంగ్ అంటారు. తరువాత తెల్లని శాలువ కప్పి అర్చకుని ఎదుట కూర్చోబెడతారు. మతాన్ని స్వీకరిస్తున్నట్లు పిల్లలే స్వయంగా ప్రకటిస్తారు. అప్పుడు అర్చకుడు వారికి సుద్రే తొడిగి, నడుముకు కుస్తీ కడతాడు. పెద్దలు నెలల తరబడి నేర్పిన ప్రార్థనలను పిల్లలు అర్చకునితో గొంతు కలిపి పఠిస్తారు.

సుద్రే తెల్లని పలుచని నూలు అంగీ. దానికి కంఠం దిగువన గిరేబాన్ అనే చిన్న సంచి ఉంటుంది. అది ఖాళీగానే ఉంటుంది. మనిషి చేసిన మంచి పనులు అందులో చేరతాయని పెద్దలు పిల్లలకు చెబుతారు. కంటికి కనబడనంత చిన్నదైనా, ఆ సంచిని నింపుకోవడమే జీవితపు పని. కుస్తీ అంటే ఇక్కడ మల్లయుద్ధం కాదు. నడుముకు కట్టుకునే పవిత్ర సూత్రం. దానిని 72 గొర్రెబొచ్చు పోగులతో నేస్తారు. యస్న గ్రంథంలోని 72 అధ్యాయాలకు అవి సంకేతం. అర్చక కుటుంబాల స్త్రీలు ఈ కుస్తీలను నేయడం పరంపరగా వస్తున్నది. కుస్తీని నడుము చుట్టూ మూడుసార్లు తిప్పుతారు. ఆ మూడు చుట్లూ మంచి తలపు, మంచి మాట, మంచి చేత అనే మూడు నియమాలకు గుర్తు. ఉపనయనంలో వటువు నడుముకు మూడు చుట్లుగా కట్టే మౌంజిని ఇది తలపింపజేస్తుంది.

దీక్ష ముగిశాక బియ్యం, దానిమ్మ గింజలు, ఎండుద్రాక్ష, కొబ్బరి ముక్కలు కలిపి పిల్లల తలపై చల్లి అర్చకుడు ఆశీర్వదిస్తాడు. ఆ రోజు నుంచి తమ పుణ్యపాపాలకు ఆ పిల్లలే బాధ్యులు. కుస్తీ ఆ ఒక్క రోజు ధరించి దాచుకునే వస్తువు కాదు. నిద్ర లేచినప్పుడు, స్నానమైనప్పుడు, ప్రార్థనకు ముందు దానిని విప్పి, మంత్రం చెబుతూ తిరిగి కట్టుకోవాలి. మంత్రంలో దుష్టశక్తి ప్రస్తావన వచ్చినప్పుడు కుస్తీ కొనలను విదిలిస్తారు. చెడును వదిలించుకోవడం ఒకసారితో ముగిసేది కాదనీ, ప్రతిదినం చేయవలసిన పని అనీ ఆ చిన్న క్రియ నేర్పుతుంది.

వివాహం

పార్సీల వివాహం సాధారణంగా సూర్యాస్తమయం తరువాత జరుగుతుంది. దీనికొక చారిత్రక కారణం చెబుతారు. 651లో సాసానీయ వంశపు చివరి చక్రవర్తి యజ్దెగర్ద్ మరణంతో ఇరాన్‌లో జరతుష్ట్రీయుల రాజ్యం అంతరించింది. తరువాతి శతాబ్దాలలో కొందరు సముద్రం మీదుగా గుజరాత్ చేరారు. ఆ కథను నవ్‌సారీకి చెందిన బహ్మన్ కైకోబాద్ అనే అర్చకుడు సుమారు 1600లో 'కిస్సా-ఇ-సంజాన్' అనే పారశీక కావ్యంగా రచించాడు. స్థానిక రాజు జాదీ రాణా వారికి ఆశ్రయమిస్తూ కొన్ని నియమాలు పెట్టాడట. స్థానిక భాష మాట్లాడాలి, స్త్రీలు స్థానిక వేషం ధరించాలి, ఆయుధాలు విడిచిపెట్టాలి, వివాహాలు సాయంకాలం జరుపుకోవాలి. ఆశ్రయమిచ్చిన వారికి ఇచ్చిన మాటను పార్సీలు ఈనాటికీ తమ పెళ్లి ముహూర్తంలో నిలుపుకున్నారని చెప్పవచ్చు.

పెళ్లికి కొన్ని రోజుల ముందు మాధవసరో అనే వేడుకలో కుండీలో మామిడి మొక్క నాటుతారు. పెళ్లివేళ గుడ్డు, కొబ్బరికాయ, తమలపాకు, వక్క, ఖర్జూరం, బియ్యం, నీరు ఉంచిన పళ్లెంతో వధూవరులకు దిష్టి తీస్తారు. దీనిని ఆచుమిచు అంటారు. తరువాత వారిని ఎదురెదురుగా కూర్చోబెట్టి మధ్య తెర పట్టుకుంటారు. తెర కింద నుంచి ఒకరి చేతిని మరొకరు అందుకుంటారు. ఇద్దరి చుట్టూ నూలుదారాన్ని ఏడుసార్లు చుడతారు. తెర తొలగగానే వధూవరులు ఒకరిపై ఒకరు బియ్యం చల్లుకుంటారు. ఎవరు ముందు చల్లితే వారిదే పైచేయి అని బంధువులు వేళాకోళమాడుతారు. అడ్డుతెర, తలంబ్రాలు ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ దృశ్యం సొంత ఇంటి పెళ్లిలాగే తోస్తుంది.

క్రతువులోని ముఖ్యభాగం ఆశీర్వాద్. అర్చకులు సాక్షులనూ వధూవరులనూ సమ్మతి అడుగుతారు. సమ్మతమేనన్న అర్థమిచ్చే 'పసందే కర్దమ్' అనే పారశీక వాక్యంతో వారు సమాధానం చెబుతారు. ఈ ప్రశ్నోత్తరాలు మూడుమార్లు జరుగుతాయి. వధూవరుల సమ్మతి సాక్షుల ఎదుట వెల్లడి కానిదే వివాహం సాగదు. ఆశీర్వచనాలను పూర్వం సంస్కృతంలో కూడా పఠించేవారు. 1936 నాటి పార్సీ వివాహ, విడాకుల చట్టం సైతం అర్చకుడు ఇద్దరు పార్సీ సాక్షుల ఎదుట ఆశీర్వాద్ జరపడాన్ని వివాహం చెల్లుబాటుకు అవసరమైన నియమంగా విధించింది.

అంత్యసంస్కారం

పార్సీల విశ్వాసంలో మరణం దైవసృష్టి కాదు. అది దుష్టశక్తి సాధించిన తాత్కాలిక విజయం. ప్రాణం పోయిన దేహాన్ని నసు అనే మాలిన్యం ఆవరిస్తుంది. ఆ దేహాన్ని దహిస్తే అగ్ని, పాతిపెడితే నేల, విడిచిపెడితే నీరు మలినమవుతాయి. ఈ మూడింటినీ కాపాడడానికి ఏర్పడిన పద్ధతియే దఖ్మాలో దేహాన్ని ఉంచడం. దఖ్మాను లోకంలో నిశ్శబ్ద గోపురమంటారు.

దేహానికి స్నానం చేయించి, ధరించి వెలిసిన తెల్లని వస్త్రాలు తొడిగి, కుస్తీ కడతారు. కుక్కను తెచ్చి మృతదేహాన్ని చూపిస్తారు. ఈ క్రియ పేరు సగ్‌దీద్. కళ్లపై రెండు మచ్చలు ఉండి నాలుగు కళ్లున్నట్లు కనబడే కుక్కను ఇందుకు శ్రేష్ఠమైనదిగా భావిస్తారు. ఇద్దరు అర్చకులు ఒకే వస్త్రపు కొనలు పట్టుకొని గాథలు పఠిస్తారు. దేహాన్ని నసాసాలార్లు మోస్తారు. బంధుమిత్రులు తెల్లని దుస్తులలో ఇద్దరిద్దరు చొప్పున చేతిరుమాలు కొనలు పట్టుకొని వెనుక నడుస్తారు. మృత్యువు ఎదుట ఎవరూ ఒంటరిగా నిలువరాదన్న భావం ఇందులో ఉంది.

దఖ్మా పైకప్పు లేని గుండ్రని కట్టడం. లోపలి వేదిక మీద మూడు వలయాలు ఉంటాయి. వెలుపలి వలయం పురుషులకు, నడిమిది స్త్రీలకు, లోపలిది పిల్లలకు కేటాయిస్తారు. రాబందులు మాంసాన్ని ఆరగించిన తరువాత ఎండకు ఆరిన ఎముకలను నడిమి బావిలో చేరుస్తారు. వాననీరు ఇసుక, బొగ్గుల గుండా వడగట్టుకొని భూమిలోకి ఇంకేటట్లు ఏర్పాటు ఉంటుంది. ధనవంతుని ఎముకలు, పేదవాని ఎముకలు ఒకే బావిలో కలిసిపోతాయి. సమాధిరాళ్లు లేవు, పేర్లు లేవు. జీవించినన్నాళ్లు అన్నం పెట్టిన సృష్టికి చివరిసారిగా దేహాన్నే ఆహారంగా ఇవ్వడం ఇందులోని త్యాగమని పార్సీ పెద్దలు చెబుతారు.

ఆత్మ మూడు రాత్రులు ఈ లోకంలోనే ఉంటుందని వారి నమ్మకం. ఆ మూడు రాత్రులూ దానికి రక్షకుడు స్రఓష అనే దేవత. నాలుగవనాటి సూర్యోదయ వేళ ఆత్మ చిన్వత్ అనే వంతెనను చేరుకుంటుంది. అక్కడ తలపులు, మాటలు, చేతలు తూకానికి వస్తాయి. సుకృతం అధికమైనవారికి ఆ వంతెన విశాలమవుతుంది. దుష్కృతం అధికమైనవారికి కత్తి అంచులా మారుతుంది. మూడవనాటి మధ్యాహ్నం జరిగే ఉఠమణా సభలో మృతుని పేరిట ధర్మకార్యాలకు విరాళాలు ప్రకటిస్తారు. పార్సీల వితరణకు ఈ ఆచారం కూడా ఒక మూలమని చెప్పవచ్చు. అతిగా విలపించడాన్ని మతం అంగీకరించదు. కన్నీరు నదిగా మారి ఆత్మ ప్రయాణానికి అడ్డుపడుతుందని వారి ప్రాచీన గ్రంథం చెబుతుంది. సంవత్సరాంతంలో వచ్చే ముక్తాద్ దినాలలో పితృదేవతల వంటి ఫ్రవషీలను పూలతో, ప్రార్థనలతో ఆహ్వానిస్తారు.

తెలుగు నేలపై పార్సీలు

నిజాం రాజ్యంలో వాణిజ్యానికీ ఉద్యోగాలకూ వచ్చిన పార్సీలు హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలలో స్థిరపడ్డారు. సికింద్రాబాదులో వారి అగ్నిమందిరం 1847లో వెలసింది. సికింద్రాబాదు సమీపంలోని పార్సీగుట్టకు ఆ పేరు అక్కడి దఖ్మా వల్లనే వచ్చింది. ప్రతిదినం ఆ పేరు పలికే వేలాదిమందికి దాని వెనుక ఇంత ప్రాచీనమైన ఆచారం ఉన్నదన్న సంగతి తెలియకపోవచ్చు.

పరీక్షాకాలం

దండయాత్రలకు, వలసలకు తట్టుకొని నిలిచిన ఈ అంత్యసంస్కారానికి ఒక పశువుల మందు ఎసరు పెట్టింది. 1990 దశకం నుంచి భారతదేశంలో రాబందులు వేగంగా నశించసాగాయి. నొప్పి నివారణకు పశువులకు వాడే డైక్లోఫెనాక్ అందుకు కారణమని 2004లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆ మందు వాడిన పశువుల కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి మరణించాయి. తెల్లవీపు రాబందులలో 99 శాతానికి పైగా అంతరించాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును ప్రభుత్వం నిషేధించింది. హర్యానాలోని పింజోర్ వంటి చోట్ల రాబందుల సంరక్షణ, సంతానోత్పత్తి కేంద్రాలు పనిచేస్తున్నాయి. పోయిన పక్షులు మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

ముంబైలోని డుంగర్‌వాడి దఖ్మాలలో సూర్యరశ్మిని కేంద్రీకరించే పరికరాలను అమర్చారు. వర్షాకాలంలో అవి చాలవని కొందరి ఆవేదన. దహనాన్ని ఎంచుకున్న పార్సీల కోసం 2015లో ముంబైలోని వర్లీలో ప్రార్థనామందిరం ఏర్పడింది. ఇరాన్‌లోని జరతుష్ట్రీయులు ఇరవయ్యవ శతాబ్దంలోనే దఖ్మాలను విడిచి, నేలకు దేహం తాకకుండా సిమెంటు పలకలు పరచిన సమాధులను స్వీకరించారు. కోవిడ్ కాలంలో వ్యాధి మృతులను దఖ్మాలలో ఉంచడానికి అనుమతి లభించలేదు. సూరత్ పార్సీలు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, పక్షులు సోకకుండా దేహంపై వల కప్పే పద్ధతికి 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎదుట అంగీకారం కుదిరింది.

రెండవ పరీక్ష జనసంఖ్యకు సంబంధించినది. 1941 జనాభా లెక్కలలో పార్సీలు 1,14,890 మంది. 2011 నాటికి 57,264 మంది. ఆలస్య వివాహాలు, అవివాహితుల సంఖ్య, తక్కువ సంతానం, విదేశీ వలసలు ఇందుకు కారణాలు. 2013లో కేంద్ర ప్రభుత్వం 'జియో పార్సీ' పథకాన్ని ప్రారంభించింది. అన్యమతస్థులను వివాహమాడిన వారి స్థానమేమిటన్నది మరొక చిక్కు ప్రశ్న. 1908 నాటి బొంబాయి హైకోర్టు తీర్పు పార్సీ తండ్రికి పుట్టిన సంతానానికి పార్సీ గుర్తింపు ఇచ్చింది. తల్లి మాత్రమే పార్సీ అయినవారి విషయంలో ఆ ద్వారం తెరుచుకోలేదు. 2017 డిసెంబరులో వల్సాడ్ పార్సీ సంఘం, అన్యమతస్థుని వివాహమాడిన ఒక పార్సీ మహిళను తల్లిదండ్రుల అంత్యసంస్కారాలకు అనుమతిస్తామని సుప్రీంకోర్టుకు తెలియజేసింది. ఒక కూతురు తల్లిదండ్రులకు చివరి నమస్కారం చేసుకోవడానికి న్యాయస్థానం మెట్లెక్కవలసి రావడం ఈ ప్రశ్న ఎంత బరువైనదో తెలుపుతుంది.

నియమాలు సడలిస్తే సంప్రదాయమే కరిగిపోతుందని కొందరు పెద్దలు భయపడతారు. నియమాలు బిగిస్తే ఆచరించేవారే మిగలరని మరికొందరు వాదిస్తారు. రెండు వాదాలలోనూ ఉన్నది ఒకే మమకారం. నీరు, నేల, నిప్పు శుద్ధంగా ఉండాలన్నది ఆశయం. రాబందు దానికొక సాధనం. సాధనం చేజారినప్పుడు ఆశయాన్ని నిలిపే మార్గం వెదకడం ఆ జాతి ముందున్న పని.

ఉద్వాడలోని అగ్నికి రోజుకు ఐదుసార్లు కొత్త కట్టె అందుతుంది. నిన్నటి కట్టె నేడు బూడిద. నేటి కట్టె రేపటికి మిగలదు. అయినా అగ్ని అదేనని పార్సీలు నమ్ముతారు. తరాలు కట్టెల వంటివి. సంస్కారం అగ్ని వంటిది. వేళకు ఒక చేయి కట్టెను అందించినంతకాలం అది వెలుగుతూనే ఉంటుంది.

కఠిన పదాలకు అర్థాలు

సంస్కారం = శుద్ధిని, అర్హతను కలిగించే క్రియ
వాఙ్మయం = గ్రంథ సముదాయం
ఆవము = కుండలు కాల్చే బట్టీ
నెగడు = చలి కాచుకోవడానికి, మృగాలను బెదరించడానికి వేసే మంట
ఆచమనం = మంత్రపూర్వకంగా కొద్దిగా జలం పుచ్చుకోవడం
వటువు = ఉపనయనం పొందే బాలుడు
మౌంజి = ముంజగడ్డితో పేనిన మొలత్రాడు
మాలిన్యం = మురికి, అశుచి
సుకృతం = మంచిపని, పుణ్యం
వితరణ = దానం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నవజోత్ సంస్కారాన్ని వివరించి, సుద్రే, కుస్తీల అంతరార్థాన్ని తెలపండి.
2. పార్సీల అంత్యసంస్కార పద్ధతిని, నేడు దానికి ఎదురైన సమస్యలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఆతష్ బెహ్రామ్ ప్రతిష్ఠలో పదహారు అగ్నులను కలపడంలోని భావమేమిటి?
2. అవెస్తా, సంస్కృత భాషల సంబంధాన్ని ఉదాహరణలతో తెలపండి.
3. పార్సీల వివాహంలో తెలుగువారి వివాహాన్ని తలపించే అంశాలేవి?

III. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఊళ్లు మారాయి, మందిరాలు మారాయి. అగ్ని మాత్రం మారలేదు.
2. ఆ రోజు నుంచి తమ పుణ్యపాపాలకు ఆ పిల్లలే బాధ్యులు.
3. ధనవంతుని ఎముకలు, పేదవాని ఎముకలు ఒకే బావిలో కలిసిపోతాయి.

IV. సంధులు
మతాచారాలు = మత + ఆచారాలు – సవర్ణదీర్ఘ సంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణ సంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధి సంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి

V. సమాసాలు
అగ్నిమందిరం – అగ్ని యొక్క మందిరం – షష్ఠీ తత్పురుష సమాసం
పుణ్యపాపాలు – పుణ్యమును, పాపమును – ద్వంద్వ సమాసం
మూడు రాత్రులు – మూడు సంఖ్యగల రాత్రులు – ద్విగు సమాసం
ప్రాచీన మతం – ప్రాచీనమైన మతం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం